వాన మీద ఇల్జామ్ వెయ్యకండి

తెలుగు పేపర్లలో ఒక వాక్యం ఉంది. దాన్ని ఎవరూ కొత్తగా రాయరు, ఏళ్ళ తరబడి అచ్చుపోసి రెడీగా ఉంటుంది. ‘వర్షానికి రోడ్డు తడిసి ఉండటంతో కారు అదుపు తప్పింది.’ మళ్ళీ ఒకసారి చదవండి. వాన ఉంది, రోడ్డు ఉంది, కారు ఉంది. స్టీరింగు పట్టుకున్న మనిషి మాత్రం గాయబ్. కారు తనంతట తానే రాత్రి రెండింటికి ఇంట్లోంచి లేచి, తనంతట తానే నూటముప్పై అందుకుని, వాన పడ్డందుకు అలిగి డివైడర్ ఎక్కినట్టు! ఉర్దూ అఖ్బార్లు ఈ విషయంలో కొంచెం నయం. ‘తేజ్ రఫ్తార్ కార్ బేఖాబూ’ అంటాయి. అక్కడా మనిషి కనపడడు గాని కనీసం రఫ్తార్ అన్న మాట ముందొస్తుంది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పొద్దున్నే రెండు జబాన్ల పేపర్లూ ముందేసుకుని కూర్చునే నాలాంటివాడికి ఈ ఫరక్ కళ్ళల్లో గుచ్చుకుంటుంది.

పేపర్లో మనిషి గాయబ్ అయినట్టే ఇంట్లోనూ అవుతాడు. ఈ ఉద్యోగంలో ఇలాంటి ఇళ్ళకి చాలాసార్లు వెళ్ళాల్సి వచ్చింది. గల్లీలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఖురాన్ ఖానీ, లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపు. పుర్సాకి వచ్చినవాళ్ళు తండ్రి చెయ్యి పట్టుకుని మూడే మాటలు చెప్తారు. ‘వాన భాయ్, ఏం చేస్తాం.’ ‘నజర్ తగిలింది, కొత్త బండి కదా.’ ‘తక్దీర్, అంతే రాసి ఉంది.’ ఆ కుర్రాడు ఎంత స్పీడులో పోతున్నాడు, టైర్లలో గాలి ఎంత ఉంది, ఇరవై ఏళ్ళవాడి చేతికి ఆ బండి తాళం ఎవరిచ్చారు అని షామియానా కింద ఎవరూ అడగరు. అడిగితే బద్తమీజీ. ఏడుస్తున్న తండ్రిని ఇంకా ఏడిపించినట్టు. నిజమే, అక్కడ అడక్కూడదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా, ఎవరి ఇంట్లోనూ మయ్యత్ లేని రోజు చూసుకుని.

ముందు నీళ్ళ సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే మన పిల్లలకి ఇంజిన్ సంగతి అంతా తెలుసు. ఎన్ని హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, ఎగ్జాస్ట్ ఎక్కడ మార్పించాలి, అన్నీ హిఫ్జ్. నీళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు.

2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీలో, హఫీజ్ బాబానగర్‌లో కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోయాయి. టన్నుకు పైగా బరువున్న బండిని నీళ్ళు వేలితో నెట్టినట్టు నెట్టేశాయి. నీటికి కారు ఎంత తేలికో పాతబస్తీ వాళ్ళకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇప్పుడు అదే సంగతి రోడ్డు మీద చూడండి. నాలుగు టైర్లు ఉన్నా, ఒక్కో టైరు నేలను తాకేది అరచెయ్యంత జాగానే. నాలుగు అరచేతుల మీద మీ అబ్బాయి జిందగీ నడుస్తోంది. టైరు మీద గాడులు ఎందుకున్నాయంటే ఆ అరచెయ్యి కింద నీళ్ళని పక్కకి తోసెయ్యడానికి. స్పీడు పెరిగేకొద్దీ తోసే టైం తగ్గుతుంది. ఒక హద్దు దాటాక తొయ్యలేదు. నీళ్ళు టైరు కిందికి చీలలా దూరి దాన్ని పైకెత్తేస్తాయి. ఆ క్షణంలో మీ కారు రోడ్డు మీద లేదు, నీళ్ళ మీద ఉంది. స్టీరింగు అకస్మాత్తుగా తేలికైపోతుంది. బ్రేకు నొక్కినా వినదు, తిప్పినా వినదు. అల్ జుబైల్ కాలనీలో తేలిన కారుకీ దీనికీ తేడా ఏమీ లేదు, ఇది వంద స్పీడులో తేలుతోంది, అంతే.

ఆ హద్దు ఎంత? విమానాల చక్రాల కోసం నాసా వాళ్ళు 1960లలో ఒక లెక్క కట్టారు. టైరులో గాలి 32 ఉంటే, గాడులు తోడెయ్యలేనంత నీళ్ళు నిలిచిన చోట గంటకి దాదాపు 94 కిలోమీటర్ల దగ్గర టైరు తేలిపోతుంది. గాలి 25కి దిగితే హద్దు కూడా 83కి దిగుతుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద లిమిట్ 2023లో 120 చేశారు. ఆ బోర్డు పొడి రోడ్డు కోసం పెట్టింది. వానలో ఆ బోర్డుని నమ్ముకుని పొయ్యేవాడికి చలాన్ రాదు, కానీ నీళ్ళు చలాన్ చూసి ఆగవు. పంచర్ షాపు ముందు ఆగి గాలి చూపించుకోడానికి అయిదు నిమిషాలు పడుతుంది. లక్షలు పోసి బండి కొన్న ఇంట్లో ఎంతమంది ఆ అయిదు నిమిషాలు పెడుతున్నారు? టైరు మీద గాడి 1.6 మిల్లీమీటర్లకి దిగితే మార్చెయ్యాలని రూల్. గంజా టైరుతో వాన రాత్రి బయల్దేరినవాడు పొరపాటున పోయాడు అనడం పొరపాటు.

ఇంకోటి. మొదటి వాన మహా ఖతర్‌నాక్. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైర్ల రబ్బరు, చినుకులు పడగానే పైకి తేలి సబ్బునురగలా అవుతాయి. జోరున కురిస్తే కొంత కొట్టుకుపోతుంది. అందుకే కుంభవృష్టి కన్నా సన్న తుంపర మొదలైన మొదటి పది పదిహేను నిమిషాలు ఎక్కువ జారుతుంది. మన కుర్రాళ్ళకి ఈ తుంపరే ‘మస్త్ మౌసమ్’. అద్దం దించి, పాట పెంచి, ‘చల్ రే ఒక రౌండ్ వేసొద్దాం’ అనేది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే.

ఇక స్పోర్ట్స్ కారు. మారుతి బండిలో తడి రోడ్డు మీద తప్పు చేస్తే ఎక్కువ సార్లు బండి కాస్త జారి, గుండె ఝల్లుమని, బతికిపోతాడు. అదే తప్పు స్పోర్ట్స్ కారులో మాఫీ కాదు. ఒకటి, దాని టైర్లు వెడల్పు. వెడల్పు టైరు పొడి రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, కానీ దాని ముందున్న నీళ్ళు కూడా ఎక్కువే, అంతా తొయ్యాలి. చాలా స్పోర్ట్స్ కార్లకి ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే. 2016లో మన దేశంలోకి వచ్చిన మస్టాంగ్ చూడండి, దాదాపు 400 గుర్రాలు, అన్నీ వెనకే. మలుపులో గ్యాస్ కొంచెం ఎక్కువ తొక్కితే చాలు, తోక ముందుకొచ్చేస్తుంది. అది సంభాళించడానికి కంపెనీ వాడు కంప్యూటర్ పెట్టాడు. మనవాడు ఫోన్లో రీల్స్ చూసి, ఆ కంప్యూటర్‌ని ఆపే బటన్ ఎక్కడుందో మొదటి రోజే నేర్చుకున్నాడు. కంప్యూటర్ ఆన్‌లో ఉన్నా అది జారే బండిని సరిచెయ్యగలదేమో గాని నీళ్ళ మీద తేలే బండిని నేల మీదికి దించలేదు.

బండి జారిందని తెలిసిన క్షణంలో ఏం చెయ్యాలి? కాలు గ్యాస్ మీంచి నెమ్మదిగా తియ్యాలి, స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. చదవడానికి సులువు. భయపడ్డ ఇరవై ఏళ్ళవాడి కాలు బ్రేకు మీదికే పోతుంది, చెయ్యి పక్కకే తిప్పుతుంది. టైరు మళ్ళీ నేలను అందుకునే సరికి చక్రాలు అడ్డంగా ఉంటాయి, బండి గిర్రున తిరుగుతుంది. వంద స్పీడులో ఒక్క సెకనుకి 28 మీటర్లు. కలిమా చదివే టైం ఉండదు.

‘మావాడు డ్రైవింగ్‌లో ఉస్తాద్’ అంటారా? సరే, ఉస్తాద్‌ల సంగతి చూద్దాం. 2014 అక్టోబరు 5, జపాన్‌లోని సుజుకా ట్రాక్, ఫార్ములా వన్ రేసు. జూల్ బియాంకీ అనే ఫ్రెంచ్ కుర్రాడు, 25 ఏళ్ళు, ప్రపంచంలో ఆ పని చెయ్యగల ఇరవై ముప్పై మందిలో ఒకడు. వానలో ట్రాక్ మీంచి జారిపోయినప్పుడు అతని స్పీడు 213. పక్కనే ఇంకో కారుని తీస్తున్న క్రేన్ బండిని 126 స్పీడులో గుద్దాడు. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులైలో పోయాడు. రెండు పసుపు జెండాలు ఊపుతున్న చోట తగ్గాల్సినంత స్పీడు తగ్గలేదని ఎంక్వయిరీ కమిటీ రాసింది. వానకీ, స్పీడుకీ మధ్య లెక్క అతనికే తప్పింది. మీ ఉస్తాద్ లైసెన్స్ టెస్టులో ఎనిమిది అంకె వేసి పాసైనవాడు.

2021 ఆగస్టులో బెల్జియంలో రేసు రోజున వాన ఆగలేదు. ఆ ఉస్తాద్‌లందరూ గంటల తరబడి కూర్చుని, చివరికి సేఫ్టీ కారు వెనక బరాత్ గుర్రాల్లా రెండు మూడు చుట్లు తిరిగి ఇంటికి పోయారు. ఎవరినీ ఎవరూ బుజ్దిల్ అనలేదు. ఇంకా వెనక్కి పోతే 1976లో నికీ లౌడా. జపాన్‌లో సీజన్ ఆఖరి రేసు, టైటిల్ చేతికందే దూరంలో ఉంది. ఆ వానలో రెండు చుట్లు వేసి, బండి ఆపి దిగిపోయాడు. ఒకే ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోయింది. దాదాపు మూడు నెలల ముందే మంటల్లో కాలి చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి అతను, హిమ్మత్ లేదని అతన్ని అనే హక్కు ఎవరికుంది? మన పిల్లల్ని చంపుతున్నది హిమ్మత్ కాదు. దోస్తుల ముందు కాలు తియ్యడానికి సిగ్గు.

ఆ సిగ్గు ఎక్కడ నేర్చుకున్నారు? మన బరాత్‌లలో. దూల్హా కోసం ఒక బండి చాలు. కానీ ఇప్పుడు వెనక నాలుగు, అయిదు ఉండాలి, అందులో ఒకటైనా రెండు తలుపులది ఉండాలి. ఒక రోజు కిరాయికి తెస్తారు. అంటే ఆ బండి బ్రేకు ఎలా పట్టుకుంటుందో, మలుపులో ఎలా జారుతుందో తెలియని కుర్రాడు, దాన్ని జీవితంలో మొట్టమొదటిసారి నడిపేది రాత్రిపూట, నిద్ర లేకుండా, నలుగురు కజిన్లు అరుస్తుంటే, ఒకడు సన్‌రూఫ్‌లోంచి సగం బయటికొచ్చి వీడియో తీస్తుంటే. జూపార్క్ నుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. పొడవాటి ఖాళీ రోడ్డు ఇంటి పక్కకే వచ్చింది. జులై, ఆగస్టుల్లో ముహూర్తాలు, అదే టైంలో వానలు. హాల్ కిరాయి నుంచి బగారా, మిర్చీకా సాలన్ దాకా పెద్దలందరూ కూర్చుని మష్వరా చేస్తారు. ఆ బండి ఎవరు నడుపుతారో ఎవరూ అడగరు. కట్నం గురించి గొంతెత్తే మన ఇస్లాహీ జల్సాలు ఈ దిఖావా గురించి ఒక్క ముక్క మాట్లాడవు.

ఇక్కడ నన్ను ఆపి ఒక మాట అంటారని తెలుసు. ‘మన పిల్లలనే అంటావేం? అసలే ప్రతిదానికీ మనవాళ్ళనే బద్నాం చేస్తారు.’ నిజం ఉంది అందులో. రాత్రి పదకొండుకి గల్లీలో చబుత్రా మీద కూర్చున్న కుర్రాళ్ళని ‘ఆపరేషన్ చబుత్రా’ అని వ్యానెక్కించే పోలీసులకి, తెల్లవారుజామున పబ్బు నుంచి దూసుకొచ్చే కార్ల మీద అంత ప్రేమ ఎప్పుడూ లేదు. 2024 మేలో పుణెలో 17 ఏళ్ళ అబ్బాయి పోర్షే నడిపి ఇద్దరు యువ ఇంజినీర్లని చంపాడన్న కేసులో జువనైల్ బోర్డు మొదట 300 మాటల వ్యాసం రాయమని బెయిలిచ్చింది. మన గల్లీ కుర్రాడికి అలాంటి వ్యాసరచన పోటీ దొరకదు. దౌలత్‌కి ఒక ఇన్సాఫ్, గరీబీకి ఒక ఇన్సాఫ్. ఒప్పుకుంటా. కానీ భాయ్, పోలీసు పక్షపాతం చూపిస్తాడు, కోర్టు చూపిస్తుందేమో, నీళ్ళు చూపించవు. 2017 మేలో మంత్రి నారాయణగారి కొడుకు జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌ని గుద్ది దోస్తుతో సహా పోయాడు. 2011 సెప్టెంబరులో మన అజహరుద్దీన్ సాబ్ కొడుకు, 19 ఏళ్ళవాడు, ఔటర్ మీద వెయ్యి సీసీ బైకు ప్రమాదంలో పోయాడు. వెనక కూర్చున్న పదహారేళ్ళ కజిన్ కూడా పోయాడు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఏడవని ముస్లిం ఇల్లు లేదు. ఏడ్చాం, మగ్ఫిరత్ కోసం దుఆ చేశాం, తర్వాత అదే బైకు కావాలని మారాం చేసిన కొడుక్కి కిస్తుల మీద కొనిచ్చాం.

ఇంకొకరు రోడ్ల గురించి చెప్తారు. గుంతలు, మూసుకుపోయిన డ్రైన్లు, ఫ్లైఓవర్ అంచున నిలిచే నీళ్ళు. అదీ నిజమే, బల్దియా వాళ్ళని నిలదియ్యాల్సిందే. కానీ మూసీ ఒడ్డున పుట్టి పెరిగిన మనకి రోడ్డు మీద నీళ్ళు నిలుస్తాయన్న సంగతి కొత్త ఖబర్ కాదు కదా.

మయ్యత్ మన ఇంట్లోదే అవుతుందని కూడా అనుకోకండి. 2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచి మూడు వారాలు కాలేదు. లిమిట్ 40. పట్టపగలు ఒక కారు వందకి పైగా స్పీడుతో వచ్చి, గోడ దాటి కిందికి పడింది. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒక ఆడమనిషి చనిపోయింది. ఆమె ఆకాశంలోంచి కారు పడుతుందని ఎందుకు అనుకుంటుంది? నడిపినవాడు బతికాడు. ఆమె ఇంట్లో పిల్లలకి ‘తక్దీర్’ అని ఎవరు చెప్పాలి, నడిపినవాడి తండ్రా?

కానూన్ సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే చాలామందికి ఇది మాత్రమే అర్థమవుతుంది. 2019 సవరణ తర్వాత మోటార్ వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షన్ ఉంది. పద్ధెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే దోషి తండ్రి లేదా బండి యజమాని. మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జుర్మానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ లేదు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్ళాడు’ అని రుజువు చేసుకోవాల్సింది మీరే. పద్ధెనిమిది దాటినవాడు ఎవరినైనా చంపితే భారతీయ న్యాయ సంహితలో అయిదేళ్ళ దాకా. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. తన సొంత నిర్లక్ష్యంతో, అడ్డగోలు స్పీడుతో నడిపి పోయినవాడి వారసులకి బీమా కంపెనీ పరిహారం ఇవ్వాల్సిన పని లేదని. కొడుకూ పోయాడు, పైసా రాదు. బండి కిస్తు మాత్రం నెల నెలా వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మన కుటుంబాలకి కూడా ఒక మాట. అక్కడ వాన ఏడాదికి కొన్ని రోజులే, కాబట్టి పిల్లలకి తడి రోడ్డు అలవాటే ఉండదు. నెలల దుమ్ము ఒక్కసారి బురదవుతుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది, 1949 నుంచి ఉన్న రికార్డుల్లో అంత ఎన్నడూ లేదు. ఎమిరేట్స్‌లో ఒక ప్రాణానికి దియత్ 2 లక్షల దిర్హమ్‌లు, మన రూపాయల్లో 40 లక్షల పైమాట. ఇరవై ఏళ్ళు ఎండలో కష్టపడి కూడబెట్టిన అబ్బా కమాయి కొడుకు ఒక్క డ్రిఫ్ట్‌లో ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

చివరిగా ఆ తక్దీర్ మాట. నేను ఆలిమ్‌ని కాదు, ఫత్వాలు ఇవ్వను. కానీ ముందు ఒంటెను కట్టెయ్యమని, ఆ తర్వాతే తవక్కుల్ అని చెప్పిన హదీసు మన మక్తబ్‌లో చదివే ఏడేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. ఒంటె ఒకటే అయితే కట్టమన్నారు, మనం నాలుగొందల గుర్రాలని విప్పి వదిలి ‘అల్లా మాలిక్’ అంటున్నాం. దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 71 మంది చావులకి కారణం ఓవర్‌స్పీడ్ అని సర్కారీ లెక్క. స్పీడు ఒకరి కాలి కింద ఉంటుంది, ఆ కాలి కిందికి బండి ఒకరు కొనిచ్చి ఉంటారు. ఏడుస్తున్న తండ్రిని ఓదార్చడానికి తక్దీర్ మంచి మాటే. తాళం ఇచ్చే ముందు వాడితే అది సాకు.

అమ్మీలూ, మీకు విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో అబ్బా ‘నహీ’ అన్నాక తాళం తెచ్చిచ్చేది మీరే. ‘పోనీ లెండి, పిల్లల షౌఖ్’ అని. ఈసారి ఆకాశం మబ్బు పట్టిన రోజు వాడు తాళం అడిగితే మూడు సంగతులు కనుక్కోండి. నాలుగు టైర్లలో గాలి ఎంతుంది. టైరు మీద గాడి ఎంత మిగిలింది. వెనక సీట్లో కూర్చునేవాళ్ళు ఎవరు, వాళ్ళ అమ్మీలకి ఫోన్ చేసి చెప్పాడా. మూడింటికీ జవాబు వస్తే, అరవై దాటనని మాటిస్తే, ఇవ్వండి. ‘క్యా అమ్మీ!’ అని నవ్వితే చేతిలో వంద రూపాయలు పెట్టి ఆటోలో పొమ్మనండి.